ఇనుపకడ్డీ నుండి ఎర్రతీగ దాకా

బ్యాటరీ చచ్చిన కారుకు పక్క కారు నుండి కరెంటు అరువిచ్చి లేపడాన్ని మనవాళ్లు కూడా 'జంప్ స్టార్ట్' అనే అంటారు. ఏ తీగ ముందు, ఏ తీగ వెనుక అన్న నియమాన్ని చాలామంది మంత్రంలా వల్లిస్తారు, అవసరం పడే వేళకు మరచిపోతారు. దాని వెనుకనున్న చరిత్ర తెలిస్తే నియమం దానంతట అదే గుర్తుంటుందని నా నమ్మకం.

తొలితరం పెట్రోలు కార్లను చేత్తోనే లేపేవారు. ముందువైపు రంధ్రంలో వంకర ఇనుపకడ్డీ దూర్చి బలంగా తిప్పాలి. ఇంజను ఒక్కోసారి ఎదురు తిరిగేది. కడ్డీ వెనక్కి కొట్టి మణికట్టు విరిచేది. బొటనవేలి వైపు ముంజేతి ఎముక కొస విరిగే ఆ గాయాన్ని వైద్యులు నేటికీ 'షోఫర్స్ ఫ్రాక్చర్' అంటారు. డ్రైవర్ల బాధ వైద్యనిఘంటువులో అలా నిలిచిపోయింది.

దానికి విరుగుడు చూపినవాడు అమెరికాలోని డేటన్ నగరంలో పనిచేసిన చార్లెస్ కెట్టరింగ్. అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో డబ్బులపెట్టెను మోటారుతో నడిపించాడు. కొద్దిక్షణాలు మాత్రమే తిరగవలసిన మోటారు చిన్నదైనా, ఆ కాస్తసేపు శక్తికి మించిన భారం మోయగలదన్నది ఆయన పట్టిన కిటుకు. ఆ స్టార్టరు 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. దానికి ప్రాణం పోసిన బ్యాటరీ, 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసం-ఆమ్లం బ్యాటరీ సంతతిలోదే.

మన దేశంలో అంబాసిడర్ల రోజుల్లో కూడా బ్యాటరీ మొరాయిస్తే హ్యాండిల్ కొట్టేవారు, లేదా నలుగురు చేరి తోసేవారు. తర్వాతి కార్లలో హ్యాండిల్ రంధ్రమే లేదు. ఆటోమేటిక్ గేర్ల బండిని తోసినా లాభం లేదు. మిగిలింది అరువు కరెంటే.

చేతికి తప్పిన గండం ఇక్కడ కంటికి చుట్టుకుంది. ఈ బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు అందులోని నీరు కొంత విడిపోయి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. గంధకికామ్లం ముఖాన చిమ్ముతుంది. తీగల వలయం పూర్తయ్యే చివరి క్షణంలోనే రవ్వ లేస్తుంది. నియమమంతా ఆ చివరి రవ్వను బ్యాటరీకి దూరంగా తరిమే ఉపాయమే.

కనుక రెండు బ్యాటరీలూ ఒకే వోల్టేజివై ఉండాలి. బండ్లు ఒకదానికొకటి తగలకూడదు. రెండింటి ఇంజన్లూ ఆపి ఉండాలి. ఎర్రతీగను మొదట చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్లతీగను మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొసను చచ్చిన బండి ఇంజను మీద రంగులేని ఇనుముకు, బ్యాటరీకి ఎడంగా పట్టించాలి. ఆపై మంచి బండిని లేపి, కొన్ని నిమిషాలాగి రెండోదాన్ని లేపాలి. తీగలు విప్పేటప్పుడు వరుస తలకిందులు. పగిలిన, ఉబ్బిన, గడ్డకట్టిన బ్యాటరీ జోలికి అసలు పోరాదు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడుగుతూ వైద్యుని చేరాలి.

ఈ వరుస కూడా సనాతనమేమీ కాదు. 1960ల వరకు ఎన్నో బ్రిటిష్ కార్లలో బండి శరీరానికి కలిపింది ప్లస్ కొస. వాటికి ఈ వరుస పనికిరాదు. అందుకే బండితో వచ్చిన పుస్తకమే అన్నిటికన్నా పెద్ద ప్రమాణం. పెద్ద బ్యాటరీతో నడిచే నేటి విద్యుత్ కార్ల విషయంలో మరీను.

కెట్టరింగ్ మన చేతులను కాపాడాడు. కళ్లను కాపాడుకునే పని మాత్రం ఆ చివరి తీగ పట్టుకున్న మనిషికే మిగిలింది.