చూకో

జపాన్‌లో అనిమే బొమ్మలు కొనేవాళ్లకు రోజూ ఎదురయ్యే మాట ‘చూకో’. ఒకరు కొన్నాక ఇంకొకరి చేతికొచ్చిన వస్తువు, మన వాడుకలో సెకండ్ హ్యాండ్. ‘చూ’ అంటే నడుమ, ‘కో’ అంటే పాత. జపాన్ సాహిత్య చరిత్రలో ఇదే మాట హెయాన్ యుగానికి పేరు. గెంజి కథ పుట్టిన కాలమూ చూకోయే, నిరుడు ఎవరో అమ్మేసిన గోకూ బొమ్మా చూకోయే! కారుకీ ఇంటికీ కూడా ఈ మాటే వాడతారు. పాత పుస్తకానికి మాత్రం ‘ఫురుహోన్’ అని వేరే పేరుంది.

ఈ రెండు మాటలూ కలిసే చోటు టోక్యోలోని నకానో బ్రాడ్‌వే. మాంగా గీసే ఫురుకావా మసుజో 1980లో అక్కడ ‘మందరకే’ అనే పాత మాంగా పుస్తకాల కొట్టు పెట్టారు. ఆ మందరకే ఇప్పుడు బొమ్మలకూ పేరున్న దుకాణం.

చూకో సరుకు మీద తరచూ కనిపించే ఇంకో మాట ‘మికైఫూ’: ఇంకా సీలు విప్పనిది. సాధారణంగా దానికే ధర ఎక్కువ. నా ఓటు మాత్రం విప్పినదానికే. బొమ్మలోని పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. గాలాడని పెట్టెలో అది పోయే దారిలేక బొమ్మ జిగటగా తయారవుతుంది. సీలు ఉంటే ఆ సంగతి కొనేముందు తెలియదు. విప్పినదైతే అమ్మేవాళ్లు పరీక్షించి చెప్పగలరు. కొన్ని దుకాణాలు పెట్టెకొక గ్రేడు, బొమ్మకొక గ్రేడు విడివిడిగా ఇస్తాయి. పెట్టె నలిగి బొమ్మ చెక్కుచెదరనిది దొరికితే వదలకండి.