సీతమ్మ కథ

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో కొత్తగా అక్షరాలు నేర్చిన వయోజనుల కోసం వేసిన వాచకంలోని ఒక పాఠం సీతమ్మ కథ. తాగుబోతు మొగుడితో ఓ పేదింటి ఇల్లాలు పడే పాట్లు ఇందులోని వస్తువు. ఆంధ్రప్రదేశ్‌ను కదిలించిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఈ పాఠంతో దగ్గరి సంబంధం ఉంది.

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించాక నెల్లూరు సహా మిగతా జిల్లాలూ ఆ బాట పట్టాయి. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో చదువు వచ్చినవారు 33 శాతం లోపే. పగలంతా కూలికి పోయి, వంటావార్పూ ముగించుకుని రాత్రిబడికి వచ్చిన మనిషి చేత పలక పట్టించడం తేలిక కాదు. వరసగా అ ఆలు దిద్దించే పిల్లల పద్ధతి వాళ్ళకు పనికిరాదు. రోజూ నోట మెదిలే మాటతో మొదలుపెట్టాలి. బ్రెజిల్‌లో విద్యావేత్త పావ్లో ఫ్రెయిరి 1963లో ఆంజీకోస్ ఊరి కూలీలకు చదువు చెప్పిందీ వాళ్ళ బతుకులోని మాటలతోనే.

నెల్లూరు పల్లెల్లో అలాంటి మాట సారా. ప్రభుత్వం సారా అమ్మకానికి పెట్టిన వారుణి వాహిని పథకం పుణ్యమా అని అది ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. మగవాళ్ళ కూలి డబ్బు దాని పాలయ్యేది. అందుకే సీతమ్మ ఎవరో చదివేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. పక్కింట్లోనో తమ ఇంట్లోనో ఆమెను రోజూ చూస్తూనే ఉన్నారు. కూడబలుక్కుని చదవడం కాస్తా కూడి మాట్లాడుకోవడమైంది.

కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ వంటి స్త్రీలు ముందు నిలిచి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న మరో పాఠమైంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు ఇదే: కథ చదివిన ఊళ్ళో జరిగిన పని తిరిగి కథగా అచ్చయి, మిగతా ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది. అక్కడి ఆడవాళ్ళు దాన్ని చదివి, తమ ఊళ్ళోనూ సారా కొట్టు మూయించవచ్చని బయలుదేరారు.

1992లో స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఉద్యమానికి పాఠం ఒక్కటే కారణం కాదు. సారా మీద కడుపుమంట అంతకు ముందునుంచీ ఉంది. రాత్రిబడి ఆ ఆడవాళ్ళను ఒక దీపం చుట్టూ కూర్చోబెట్టింది. పాఠం వాళ్ళకు మాట్లాడుకునేందుకు సీతమ్మ పేరు ఇచ్చింది.