బండి జాతకం ఎవరి చేతిలో?

కొరియర్ సరుకు మోసే వాన్‌లోనో, ప్లంబర్ పనిముట్లు మోసే వాన్‌లోనో బాడీ కంట్రోల్ మాడ్యూల్ చెడిందంటే చిక్కులన్నీ ఒక్కసారే మొదలవుతాయి. ఒకవైపు ఇండికేటర్ వెలగదు, వెనక తలుపు లాక్ పడదు, వైపర్లు ఆపినా ఆగవు, చివరికి తాళం తిప్పితే సెల్ఫ్ కూడా అందుకోదు. సాధారణంగా డాష్‌బోర్డు కింద ఉండే ఆ పెట్టెను మార్చడం చేతికి పెద్ద పనేం కాదు. బ్యాటరీ వైరు తీసి, కనెక్టర్లు ఊడదీసి, బోల్టులు విప్పి, కొత్తది బిగిస్తే సరి. అయినా బండి కదలదు. తాను ఏ బండిలో ఉన్నదీ కొత్త పెట్టెకు తెలియదు. ఎవరో ఒకరు దానికి చెప్పాలి. వాహన మరమ్మతు చరిత్రను చేతిపని పోయి కంప్యూటర్ వచ్చిన కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. అరవై ఏళ్ల వాన్ల చరిత్రను పరిశీలిస్తే నాకు అలా కనిపించదు. చేతిపని ఇప్పటికీ ఉంది. మరమ్మతుకు కావలసిన సమాచారమే మెకానిక్ కళ్లముందు నుంచి కంపెనీ సర్వర్లలోకి వెళ్లిపోయింది. ఆ సమాచారం మీద హక్కు బండి యజమానికీ, అతను నమ్మిన మెకానిక్‌కీ తిరిగి దక్కాలన్నది నా వాదన.

1965లో బ్రిటన్‌లో ఫోర్డ్ ట్రాన్సిట్ వాన్ రోడ్డెక్కినప్పుడు ఆ సమాచారమంతా వైర్లలోనే ఉండేది. ఆనాటి బ్రిటిష్ బండ్లలో ఎక్కువగా పాటించిన రంగుల పద్ధతిలో గోధుమరంగు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, తెల్లది ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చది ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నల్లది ఎర్త్. మన దేశంలో అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టింది. బ్రిటన్‌లోని లూకాస్‌తో కలిసి మద్రాసులో 1961లో లూకాస్-టీవీఎస్ మొదలైంది. అలా ఆ బ్రిటిష్ ఎలక్ట్రికల్ సంప్రదాయం ఇక్కడి షెడ్లకూ చేరింది. డైనమో, కటౌట్, రిలే, గుప్పెడు ఫ్యూజులు అర్థమైతే, చేతిలో టెస్ట్ ల్యాంప్ ఉంటే లోపం ఎక్కడుందో వెతుక్కుంటూ పోవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. డబ్బాలోంచి తీసిన రిలే అప్పటికే సంపూర్ణమైన వస్తువు. బర్మింగ్‌హామ్‌లో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, కంపెనీదైనా పాత బండి నుంచి ఊడదీసినదైనా బిగించగానే పనిచేసేది. వీధి చివరి షెడ్డు దశాబ్దాల పాటు నిలబడింది ఈ గుణం మీదే.

మాడ్యూల్ రావడం వెనక కుట్ర ఉందనుకుంటే పొరపాటు. 1970, 80లలో బండ్లలో పవర్ విండోలు, సెంట్రల్ లాకింగ్, ఏబీఎస్ చేరుతున్న కొద్దీ ప్రతి స్విచ్చు నుంచి ప్రతి మోటారుకు విడివిడిగా వైరు లాగలేని స్థితి వచ్చింది. రాగి బరువూ పెరిగింది, తెగే చోట్లూ పెరిగాయి. బాష్ కంపెనీ 1983లో క్యాన్ అనే పద్ధతి మీద పని మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్‌లో ప్రకటించింది. రెండు వైర్లను పురిపెట్టి, వాటి మీదే మాడ్యూళ్లన్నీ వంతులవారీగా మాట్లాడుకునే ఏర్పాటు అది. 1993లో అది ఐఎస్ఓ 11898 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పటి నుంచి స్విచ్చు నొక్కితే కరెంటు నేరుగా బల్బుకు పోవడం తగ్గిపోయింది. స్విచ్చు నుంచి విన్నపం మాత్రమే వెళుతుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ దాన్ని చూసి బల్బుకు కరెంటు వదులుతుంది. మంచి ఇంజనీరింగే ఇది, వెనక్కి పోవాలని ఎవరూ కోరనక్కర్లేదు.

ఈ కొత్త ఏర్పాటులోనూ చేతిపనికి విలువ తగ్గలేదు. మాడ్యూల్ పోయిందని తేల్చే ముందు తెలిసిన మెకానిక్ చూసేవి పాత విషయాలే: బ్యాటరీ వోల్టేజీ సరిపోతుందా, ఎర్త్ పట్టు తుప్పు పట్టిందా, విండ్‌షీల్డ్ అంచు నుంచి కారిన వాననీళ్లు కనెక్టర్లోకి దిగాయా. తర్వాత బ్యాటరీ వైరు తీసేసి ఆ రెండు క్యాన్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెడతాడు. లైను రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లుంటాయి కాబట్టి అంతా బాగుంటే మీటరు 60 దగ్గర ఆగుతుంది. 120 చూపితే లైను ఎక్కడో తెగిందని అర్థం. సున్నాకు దగ్గరగా చూపితే రెండూ షార్ట్ అయ్యాయని అర్థం. ఇంతవరకూ అతని బుద్ధి, అతని మీటరు చాలు. మార్చాక మాత్రం వేరే గడప తొక్కాలి. ఆ వాన్ చక్రాల మధ్య దూరం ఎంత, తలుపులెన్ని, పొగమంచు లైట్లున్నాయా, టైరు ప్రెషర్ సెన్సర్లున్నాయా అన్నదంతా ఫ్యాక్టరీలోనే అంకెల రూపంలో మాడ్యూల్లో రాస్తారు. అది ఆ బండి జాతకం. పాత మాడ్యూల్ కొనఊపిరితో ఉంటే దాన్నుంచి చదివి కొత్తదానికి ఎక్కించవచ్చు. పూర్తిగా చచ్చిపోతే జాతకం కంపెనీ ఇవ్వాల్సిందే. తాళంచెవుల్లోని చిప్పులనూ కొత్తగా నేర్పాలి. చాలా ఫోర్డ్ బండ్లలో అందుకు కనీసం రెండు తాళాలు ఉండాలి.

మరి ఈ సమాచారపు తలుపు ఎందుకు మూసుకుంది? చట్టం పొగగొట్టం వైపు నుంచి రావడం ఒక పెద్ద కారణం. అమెరికాలో 1990 నాటి క్లీన్ ఎయిర్ చట్ట సవరణలు, ఆపైన 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 వల్ల స్టీరింగ్ కింద పదహారు పిన్నుల కనెక్టర్ వచ్చింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో, డీజిలుకు ఆ తర్వాత అదే పద్ధతి వచ్చింది. కానీ ఆ చట్టాలు తెరిపించింది ఇంజను పొగకు సంబంధించిన కోడ్లనే. తలుపులు, లైట్లు, తాళాలు గాలిని పాడుచేయవు కాబట్టి బాడీ మాడ్యూల్ భాష కంపెనీల ఇష్టానికే మిగిలిపోయింది. అదే సాకెట్టులో అదే స్కానర్ పెట్టినా ఇంజను మాట్లాడి బాడీ మౌనంగా ఉండటానికి మూలం ఇక్కడుంది. తర్వాతి చట్టాలు పూడ్చడానికి ప్రయత్నించింది ఈ ఖాళీనే: ఐరోపా 2007 నియమావళి మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర షెడ్లకూ ఇవ్వాలంది; మసాచుసెట్స్ ఓటర్లు 2012లో రిపేరు హక్కు చట్టానికి భారీ మెజారిటీతో ఓటేశారు; 2014లో దాని ఆధారంగా అమెరికా అంతటికీ వర్తించే ఒప్పందం కుదిరింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. తాళాలు నేర్పే దారి అందరికీ తెరిస్తే దొంగలకూ తెరిచినట్టే కదా? సరైన తాళం లేనిదే బండిని కదలనివ్వని ఇమ్మొబిలైజర్‌ను ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో 1990ల మధ్య తర్వాత వాహన దొంగతనాలు బాగా తగ్గడంలో దాని పాత్ర పెద్దది. ఈ మేలును కాదనలేం. అయితే జాతకం వేరు, తాళం వేరు. ఫోర్డ్ తన బండ్ల ఫ్యాక్టరీ డేటాను ఛాసిస్ నంబరు కొడితే ఎవరికైనా కనిపించేలా పెట్టింది; తలుపులెన్నో తెలిసినంత మాత్రాన ఎవరూ బండి ఎత్తుకుపోలేరు. తాళం సంగతికొస్తే, అమెరికాలో నాస్టఫ్ అనే సంస్థ లాక్‌స్మిత్‌ల వివరాలు పరిశీలించి నమోదు చేసి, వారికి తాళపు కోడ్లు అందే మార్గం ఏర్పరచింది. ఐరోపాలో సెర్మీ పథకం కూడా స్వతంత్ర మెకానిక్‌ల నేపథ్యం చూసి భద్రతా సమాచారం ఇస్తోంది. ఎవరికి ఇచ్చారో రాసిపెట్టి ఇస్తే భద్రతా నిలుస్తుంది, షెడ్డూ నిలుస్తుందని ఈ రెండూ చూపిస్తున్నాయి.

డీలర్ సర్వీస్ సెంటర్ ఉండగా వీధి షెడ్డుకు ఇదంతా దేనికి అనేవారూ ఉన్నారు. పనివాన్ ఆగిన ప్రతి రోజూ దాని యజమానికి సంపాదన ఆగుతుంది. చిన్న ఊళ్లలో డీలర్ దూరం. పైగా పోటీ లేనిచోట ధర ఎటు పోతుందో మన దేశమే చూసింది. భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలనూ డయాగ్నస్టిక్ పరికరాలనూ స్వతంత్ర మెకానిక్‌లకు అందనివ్వకపోవడమే ఆ కేసుకు మూలం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, దాని పరిధిలో వాహనాలనూ చేర్చింది. ఇలాంటి కమిటీలు మంచివే గానీ అవి ఇంజను, విడిభాగాల దగ్గరే ఆగితే పొగ చట్టాలు వదిలిన ఖాళీనే మనమూ వదిలినట్టవుతుంది. బండి అమ్మేటప్పుడే దాని పూర్తి ఫ్యాక్టరీ డేటా కొన్నవారికి ఇవ్వాలి; గుర్తింపు పొందిన ఏ షెడ్డయినా కొత్త మాడ్యూల్‌కు ఆ డేటా ఎక్కించి, తాళాలు నేర్పగలిగే దారి సరసమైన రుసుముతో ఉండాలి. లారీ బాడీలు కట్టి, ఇంజన్లు తిరిగి నిలబెట్టిన ఆటోనగర్ చేతులకు ఈ పని కష్టమేం కాదు. వాటికి ఇప్పుడు చట్టం అండ కావాలి.