ఆన్‌లైన్ బహుళ క్రీడాకారుల ఆటల ధర విధానాలు

అంతర్జాలం ద్వారా అనేక మంది ఒకేసారి కలిసి ఆడే ఆటలకు ప్రవేశ రుసుమును, చందాను, ఆటలో అమ్మే వస్తువుల వెలను నిర్ణయించే పద్ధతులను ఆన్‌లైన్ ఆటల ధర విధానాలు అంటారు. ఒంటరిగా ఆడే ఆటను ఒకసారి అమ్మితే తయారీదారు పని చాలావరకు ముగిసినట్లే. కలిసి ఆడే ఆటలో మాత్రం సర్వర్ల నిర్వహణ, లోపాల సవరణ, కొత్త ఘట్టాల తయారీ నిరంతరం సాగవలసి ఉంటుంది. అందువలన ఆదాయం కూడా ఎడతెగకుండా రావాలి.

కొత్త ఆటగాళ్ళ అవసరం

ఇటువంటి ఆటకు ప్రధాన ఆకర్షణ తోటి ఆటగాళ్ళే. జట్టు కట్టడానికి, పోటీ పడటానికి, ఆటలోని సంతలో క్రయవిక్రయాలకు మనుషులు కావాలి. పాతవారిలో కొందరు ఎప్పుడూ మానివేస్తూనే ఉంటారు. వారి స్థానంలో కొత్తవారు చేరకపోతే మిగిలినవారికి కూడా ఆట రుచించదు. ఇక్కడే ధర నిర్ణయంలో చిక్కు వస్తుంది. ఖర్చు రాబట్టడానికి వెల పెంచితే కొత్తవారు గుమ్మం వద్దే ఆగిపోతారు. వెల తీసివేస్తే ఆ భారాన్ని మరెవరో మోయాలి.

నెలసరి చందా

1997లో విడుదలైన అల్టిమా ఆన్‌లైన్, 1999లో విడుదలైన ఎవర్‌క్వెస్ట్ ఆటలకు మొదట పెట్టెను కొని, ఆపై నెలనెలా చందా కట్టవలసి ఉండేది. 2004 నవంబరులో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కూడా ఇదే పద్ధతిని అనుసరించింది. అమెరికాలో దీని చందా నెలకు 14.99 డాలర్లు. 2010 అక్టోబరు నాటికి చందాదారుల సంఖ్య 1.2 కోట్లు దాటింది.

ఈ పద్ధతిలో అందరూ దాదాపు సమానంగా చెల్లిస్తారు. అయితే ఆట నచ్చుతుందో లేదో తెలియకముందే కొత్తవారు పెట్టెకు, చందాకు రెండు విధాలా ఖర్చు పెట్టాలి. ఈ అడ్డంకిని తగ్గించడానికి బ్లిజార్డ్ 2011లో 20వ స్థాయి వరకు ఉచితంగా ఆడే అవకాశం కల్పించింది. 2018లో పాత భాగాలను విడిగా కొనవలసిన అవసరాన్ని తొలగించి, వాటిని చందాలోనే చేర్చింది. 2005లో ఈ ఆట చైనాలో ప్రారంభమైనపుడు నెల చందాకు బదులు గంటల లెక్కన వసూలు చేశారు. ఇంటర్నెట్ కేంద్రాలలో కొద్దిసేపు ఆడేవారికి ఇది అనుకూలించింది.

చందా లేని అమ్మకం

2005లో అరీనానెట్ తయారుచేసిన గిల్డ్ వార్స్ ఆటకు నెలసరి చందా లేదు. పెట్టెను ఒకసారి కొంటే చాలు. తరువాతి భాగాల అమ్మకాల ద్వారా ఆదాయం సమకూరేది.

ఉచిత ప్రవేశం

టర్బైన్ సంస్థ 2006లో విడుదల చేసిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్ చందాతోనే మొదలైంది. 2009 సెప్టెంబరులో ఉత్తర అమెరికాలో ప్రవేశాన్ని ఉచితం చేసి, సాహస ఘట్టాలను విడివిడిగా అమ్మసాగారు. చందాను కూడా కోరుకున్నవారికి కొనసాగించారు. తరువాత ఆదాయం 500 శాతం పెరిగిందని సంస్థ ప్రకటించింది. ఉచితంగా ఆడేవారు డబ్బు చెల్లించకపోయినా ఆటలో సందడి నిలుపుతారు. ఆ సందడిని చూసి మరికొందరు ఖర్చు పెడతారు.

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ ఆట ఈవ్ ఆన్‌లైన్ (2003) మరొక మార్గం ఎంచుకుంది. 2008లో ప్లెక్స్ అనే వస్తువును ప్రవేశపెట్టారు. డబ్బున్న ఆటగాడు దానిని కొని ఆటలోని సంతలో అమ్ముతాడు. తీరిక ఉన్న ఆటగాడు ఆటలో సంపాదించిన ధనంతో దానిని కొని తన చందాను పొడిగించుకుంటాడు. చందా సొమ్ము సంస్థకు చేరుతుంది, కానీ కట్టేది వేరొకరు. 2016 నవంబరులో పరిమిత నైపుణ్యాలతో ఆడే ఆల్ఫా అనే ఉచిత ఖాతాను ఏర్పాటు చేశారు. 2022లో నెల చందాను 14.99 నుండి 19.99 డాలర్లకు పెంచినా ఉచిత ఖాతాను తొలగించలేదు.

విమర్శలు

ప్రవేశం ఉచితమైన ఆటలలో ఎక్కువమంది ఏమీ చెల్లించరు. ఆదాయంలో అధిక భాగం కొద్దిమంది నుండే వస్తుంది. అందువలన ఆ కొద్దిమంది చేత మరింత ఖర్చు పెట్టించే విధంగా ఆటను మలుస్తారన్నది ప్రధాన విమర్శ. డబ్బు పెట్టినవారికే గెలుపు సులభమైతే కొత్తవారు నిరుత్సాహపడి వెళ్ళిపోతారు. అప్పుడు ఉచిత ప్రవేశపు ఉద్దేశమే దెబ్బతింటుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బుతో కొనే పెట్టెలను 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ జూదంగా పరిగణించింది. భారతదేశంలో 2021లో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఉచితంగా ఆడే ఆటే. అయినా 18 ఏళ్ళలోపు వారి ఖర్చుకు రోజుకు 7,000 రూపాయల పరిమితి విధిస్తున్నట్లు దాని నిర్వాహకులు ప్రకటించారు. ఆట ఉచితమైనా పిల్లల చేత ఎంత ఖర్చు పెట్టించవచ్చునో ఈ పరిమితిని బట్టి ఊహించవచ్చు.