నియోగింపఁబడని నియోగి: కావలి వేంకట లక్ష్మయ్యగారు

నియోగి యనఁగా కార్యమునందు నియోగింపఁబడినవాఁడని శబ్దార్థము. పదునెనిమిదేండ్లు తాను నడపిన కార్యమునందే నియోగమును కోరి, దానిని పొందఁజాలకపోయిన నియోగి యొకఁడు మన పూర్వులలోఁ గలఁడు. ఆయన ఏలూరి కావలి సోదరులలోని వేంకట లక్ష్మయ్యగారు. ఆయన కథను మన సంఘీయులు తెలిసికొనఁదగును.

కర్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశస్థుఁడు. కంపెనీ సైన్యమున ఇంజనీరుగా వచ్చి, 1815లో భారతదేశమునకు సర్వేయరు జనరల్ పదవి నందెను. ఈ దేశపు భాషలు ఆయనకు రావు. దక్షిణాపథచరిత్రకు తనకు ద్వారము చూపినవాఁడు కావలి వేంకట బొర్రయ్యయే యని 1817లో వ్రాసిన లేఖయందు ఆ దొర స్వయముగా ఒప్పుకొనెను. 1803లో బొర్రయ్య యౌవనముననే గతింపఁగా, ఆ భారము లక్ష్మయ్యగారిపైఁ బడెను. ఆయన నారాయణరావు, ఆనందరావు మున్నగువారిని ఊరూర నియమించి, కరణముల కవిలెలకును స్థలపురాణములకును నకళ్లు తీయించి, శాసనములకు ప్రతులు వ్రాయించి, వచ్చిన నివేదికలను పరిశీలించుచుండెను. నేఁడు మనము కైఫీయత్తులని పిలుచునవి ఇట్లు చేరినవే.

1821లో మెకంజీ మరణించెను. ఆయన సేకరించినదానిని కంపెనీవారు కొనిరి. 1828లో విల్సన్ పండితుఁడు ప్రకటించిన పట్టికనుబట్టి అందు 1,568 వ్రాఁతప్రతులును, 2,070 స్థానికచరిత్రలును, 8,076 శాసనప్రతులును ఉన్నవి. సోదరుఁడు రామస్వామిగారు 1829లో దక్కను కవుల చరిత్రమును ఆంగ్లమున కలకత్తాయందు ప్రకటించిరి. లక్ష్మయ్యగారు మద్రాసు హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షులైరి. మిగిలిన పరిశోధనమును కొనసాగింప తమ్ము నియోగింపుఁడని ఆయన ప్రభుత్వమును వేఁడుకొనిరి. ఇంతకంటె తగినవాఁ డెవఁడు?

మద్రాసు లిటరరీ సొసైటీవారు అనుకూలించిరి. కాని విషయము కలకత్తా ఏషియాటిక్ సొసైటీకిఁ బోఁగా, 1836లో కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్ వేఱు తీర్పు చెప్పెను. సమర్పించిన సంగ్రహమును చూడఁగా ఈయన యంతటి కార్యమునకు చాలఁడనెను. అంతటితో నిలిచినచో అది విద్యావిమర్శ యగును. ఏ స్వదేశీయుఁడును దానికి చాలఁడని కూడఁ జేర్చెను. ఆ పని విలియం టెయిలర్ అను మిషనరీకి దక్కెను. మఱుసటి యేఁడు ఆ ప్రిన్సెప్పే బ్రాహ్మీలిపిని ఛేదించెను. శాసనములను చదువుటలో ఆయనకు చేయూఁత యిచ్చినవాఁడు కమలాకాంతుఁడను స్వదేశపండితుఁడు!

వ్రాఁతయందు లోపమున్నచో దిద్దుకొనవచ్చును. పుట్టుకయే లోపమన్నచో దిద్దుకొనుటెట్లు? ఉపాధ్యాయవృత్తిలో నేను చూచిన శిష్యులలో ఉద్యోగము రాక క్రుంగినవా రనేకులు. వారికి నేనీ కథనే చెప్పుచుందును. నిరాకరణము యోగ్యతకు కొలత కాదు.

అయినను ఈ ప్రశ్నను ఆంగ్లేయులనే యడిగి మనము ఊరకుండరాదు. పుట్టుకను చూచి విద్యకును కొలువునకును వాకిలి మూసిన దినములు మన దేశమునను గలవు. ఆ వాకిలి లోపల నిలిచినవారిలో మన పూర్వులును ఉండిరి. లక్ష్మయ్యగారికై చింతించు మనస్సు, బయట నిలిచినవారికై కూడ చింతింపవలెను గదా!

కడపయందలి సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రమువారు తమ జిల్లా కైఫీయత్తులను సంపుటములుగా అచ్చొత్తించిరి. మన పోషకులు తమ గ్రామముల కైఫీయత్తులను వెదకించి, చదివించి, అన్ని కులముల విద్యార్థులకును అందునట్లు ముద్రింపింతురుగాక. లక్ష్మయ్యగారు కోరిన కార్యము అదియే. నియోగము దొరకకున్నను ఆ కార్యము మన కింకను మిగిలియున్నది.

శుభం భూయాత్.