సోరియాసిస్: అంటుకోదు.. ఇమ్యూనిటీ తగ్గి వచ్చేదీ కాదు! మరి అసలు కారణం ఏంటి?

మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద ఎర్రటి మచ్చలు.. వాటిపై వెండి రంగు పొలుసులు. గీరితే పొట్టులా రాలడం. ఇదే సోరియాసిస్. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దీన్ని చూసి గజ్జి అనో, తామర అనో పొరబడేవాళ్లు ఇంకా ఉన్నారు. కొందరు రక్తం చెడిపోయిందంటారు. కరోనా తర్వాత ఇంకో మాట తోడైంది.. ఇమ్యూనిటీ తగ్గిందట! నిజానికి జరిగేది దాదాపు దీనికి రివర్స్. ఇక్కడ రోగనిరోధక శక్తి తక్కువ కాదు, అది దారి తప్పుతుంది. ఈ తేడా తెలియకపోతే వాడే మందే ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన చర్మం పై పొర దాదాపు నెల రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. పాత కణాలు కంటికి కనిపించకుండానే రాలిపోతాయి. సోరియాసిస్ ఉన్నచోట ఇదే పని మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. పూర్తిగా తయారుకాని కణాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. ఆ పేరుకున్నవే పొలుసులు.

మరి చర్మానికి ఇంత తొందర ఎందుకు? దాన్ని తొందరపెట్టేది ఇమ్యూనిటీ సిస్టమే. చర్మంలో డెండ్రిటిక్ కణాలు కాపలా కాస్తుంటాయి. సోరియాసిస్ రోగుల్లో ఇవి బయటి శత్రువు లేకపోయినా అలారం మోగిస్తాయి. ఐఎల్-23 అనే సంకేతాన్ని పంపిస్తాయి. దాంతో టీ-కణాలు రంగంలోకి దిగి ఐఎల్-17ను విడుదల చేస్తాయి. దీనికి టీఎన్ఎఫ్-ఆల్ఫా కూడా తోడవుతుంది. ఈ సంకేతాలు అందగానే చర్మకణాలు వేగంగా పెరుగుతాయి, తిరిగి ఇమ్యూనిటీ కణాలనే ఇంకా రమ్మని పిలుస్తాయి. ఇలా ఒకదాన్ని ఒకటి రెచ్చగొట్టుకుంటూ పోతాయి.

మచ్చ తగ్గినా కొన్ని టీ-కణాలు అక్కడే ఉండిపోతాయి. అందుకే చాలామందికి మళ్లీ అదే చోట మచ్చ లేస్తుంది.

ఈ విషయం ఎలా తెలిసింది?

చాలాకాలం దీన్ని చర్మానికి మాత్రమే సంబంధించిన జబ్బు అనుకున్నారు. 1979లో ఆ ఆలోచన మారడం మొదలైంది. టీ-కణాలను అణిచే సైక్లోస్పోరిన్ మందు ఇచ్చినప్పుడు సోరియాసిస్ మచ్చలు తగ్గినట్టు డాక్టర్లు గమనించారు. తర్వాత ఎముక మజ్జ మార్పిడి కేసులు ఇంకా స్పష్టత ఇచ్చాయి. ఆరోగ్యవంతుల మజ్జ ఎక్కించాక కొందరిలో సోరియాసిస్ పోయింది. సోరియాసిస్ ఉన్న దాత మజ్జ తీసుకున్న కొందరికి జబ్బు కొత్తగా వచ్చింది. మజ్జలో తయారయ్యేవి ఇమ్యూనిటీ కణాలే కాబట్టి అసలు మూలం ఎక్కడుందో అర్థమైంది.

మన తెలుగువాడి మందు

సోరియాసిస్‌కు ఇప్పటికీ ఎక్కువగా వాడే మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. దీని వెనక ఉన్నది తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆయన టీమ్ నుంచే వచ్చాయి. మొదట వీటిని పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ కోసం వాడారు. సుబ్బారావు 1948లో చనిపోయారు. మూడేళ్ల తర్వాత, 1951లో, అమినోప్టెరిన్ సోరియాసిస్ మచ్చలనూ తగ్గిస్తుందని అమెరికా డాక్టర్లు రిపోర్ట్ చేశారు. తర్వాత దాని స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. చర్మకణాల పెరుగుదలను ఆపడం వల్లే ఇది పనిచేస్తోందని మొదట్లో అనుకున్నారు. తక్కువ డోసులో ఇది ముఖ్యంగా ఇమ్యూనిటీ కణాలను శాంతపరుస్తుందని తర్వాత తేలింది.

ఎవరికి వస్తుంది? ఎప్పుడు ముదురుతుంది?

భారత్‌లో పెద్దవాళ్లలో 0.44 నుంచి 2.8 శాతం మందికి సోరియాసిస్ ఉన్నట్టు అధ్యయనాల అంచనా. ఇందులో జన్యువుల పాత్ర ఉంది. అలాగని తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు కచ్చితంగా వస్తుందని కాదు. జన్యువులకు ఏదో ఒక ట్రిగ్గర్ తోడవ్వాలి.

* గొంతు ఇన్ఫెక్షన్: స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు పిల్లల్లో, యువతలో చిన్న చిన్న చుక్కల్లా మచ్చలు రావచ్చు.
* గాయాలు: గీసుకుపోయిన చోట, కాలిన చోట కొత్త మచ్చ లేవొచ్చు. పత్తి ఏరేవాళ్లు, రాళ్ల పని చేసేవాళ్లు చేతులు కాపాడుకోవాలి.
* చలికాలం: పొడిగాలికి చర్మం ఎండి పగుళ్లు వస్తాయి. కొబ్బరినూనె గానీ, వ్యాజ్‌లిన్ గానీ రాస్తే ఉపశమనం ఉంటుంది.
* మద్యం, పొగ, అధిక బరువు, మానసిక ఒత్తిడి.
* కొన్ని మందులు: లిథియం, బీటా బ్లాకర్లు, మలేరియా మందులు. వీటిని సొంతంగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పాలి.

కీళ్ల నొప్పులంటే ఫ్లోరైడే అనుకోవద్దు

దారి తప్పిన ఇమ్యూనిటీ చర్మంతోనే ఆగదు. సోరియాసిస్ ఉన్న ప్రతి వంద మందిలో 30 మంది వరకు కీళ్ల జబ్బు రావచ్చు. నల్గొండ జిల్లాలో ఇది ఇంకా ముఖ్యం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డాయి. అక్కడ కీళ్లు పట్టేస్తే ఫ్లోరైడ్ అనో, వయసు అనో సరిపెట్టుకునే అవకాశం ఉంది. పొద్దున లేవగానే అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుపోవడం, వేలు మొత్తం ఉబ్బడం, మడమ నొప్పి, గోళ్ల మీద గుంటలు కనిపిస్తే మాత్రం సోరియాసిస్ కీళ్లవాతం అనుమానించాలి. ఆలస్యమైతే కీలు వంకరపోతుంది. తర్వాత మందులిచ్చినా మళ్లీ మామూలు కాదు.

ఈ తప్పులు చేయొద్దు

స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు: ఊళ్లో ఇంజెక్షన్ వేస్తే, పేరులేని పొడి మింగితే వారంలో మచ్చలు మాయమయ్యాయంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాలి. వాడుతున్నంత సేపు ఇమ్యూనిటీ అణిగి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే జబ్బు రెట్టింపుగా విరుచుకుపడొచ్చు. ఒళ్లంతా చీము పొక్కులు రావడం, మొత్తం చర్మం ఎర్రబడటం జరగొచ్చు. అది ఎమర్జెన్సీ. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మెథోట్రెక్సేట్ రోజూ వేసుకోవడం: సోరియాసిస్‌కు ఇది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకోవాలి.

మందు వాడుతూ కల్లు, సారా తాగడం: మెథోట్రెక్సేట్, మద్యం రెండూ లివర్‌నే దెబ్బతీస్తాయి. కల్లు చెట్టు నుంచి వచ్చిందే కదా అంటే కుదరదు. పిల్లల కోసం ప్లాన్ చేస్తున్న దంపతులు కూడా డాక్టర్‌కు ముందే చెప్పాలి. గర్భిణులు ఈ మందు అస్సలు వాడకూడదు.

మధ్యలో పరీక్షలు మానేయడం: పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు పనులకు వెళ్లేవాళ్లు మందుల చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు వెంట ఉంచుకోవాలి. ఏ ఊళ్లో ఉన్నా పరీక్షలు ఆపొద్దు.

చికిత్స ఏముంది?

మచ్చలు తక్కువగా ఉంటే పూత మందులు, ఎక్కువైతే కాంతి చికిత్స, మాత్రలు ఉంటాయి. వీటికి లొంగకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి మొత్తం ఇమ్యూనిటీని అణచవు. టీఎన్ఎఫ్, ఐఎల్-17, ఐఎల్-23 లాంటి ఒక్కో సంకేతాన్నే అడ్డుకుంటాయి. బెంగళూరు కంపెనీ బయోకాన్ తయారుచేసిన ఇటోలిజుమాబ్‌కు 2013లో భారత్‌లో అనుమతి వచ్చింది. అది టీ-కణాల మీద ఉండే సీడీ6ను పట్టుకుంటుంది. ఈ ఇంజెక్షన్లు ఖరీదైనవి. వీటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఒంట్లో నిద్రపోతున్న టీబీ కొన్ని మందుల వల్ల మేల్కొనే ప్రమాదం ఉంది.

పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ షుగర్, బీపీలాగే అదుపులో పెట్టుకుని మామూలు జీవితం గడపొచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. కీళ్ల సమస్య ముదిరితే హైదరాబాద్‌ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

చివరిగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. సోరియాసిస్ ముట్టుకుంటే రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, ఒకే టవల్ వాడినా రాదు. ప్రపంచ ఆరోగ్య సభ 2014లో చేసిన తీర్మానంలోనే ఇది అంటువ్యాధి కాదని చెప్పింది. అందుకే రోగికి వేరే గ్లాసు పెట్టడం, పెళ్లి సంబంధం తప్పించడం, కటింగ్ షాపులో వద్దనడం అవసరం లేని శిక్షలే. ఆ బాధతో పెరిగే ఒత్తిడి కూడా జబ్బును ముదిరేలా చేస్తుంది.

ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా చర్మవ్యాధుల డాక్టర్‌ను అడిగే చేయాలి.