నగలతో వెళ్లి బోసి మెడలతో వచ్చిన తల్లులు

మన బామ్నిలో ఉగాది ఒక్కరి పండుగ కాదు. ఒక గుమ్మానికి మామిడి తోరణం ఉంటే, పక్క గుమ్మం ముందు పట్టుగుడ్డ చుట్టి, రాగిచెంబు బోర్లించిన గుడి నిలబడి ఉంటుంది. వారు వేపాకూ బెల్లమూ నోట వేసుకుంటారు. మనం పచ్చడి చేసుకుంటాము. సాయంకాలమైతే మన తెలుగువారంతా ఒకచోట చేరడం, పిల్లల పాటలు, పెద్దల ఉపన్యాసాలు, చివర ఏదో ఒక సత్కార్యానికి చందా అడగడం మామూలే.

ఆ సభకు తల్లులు తయారయ్యే తీరు చూడవలసినదే. మధ్యాహ్నం వంట గిన్నెలు సర్దీ సర్దకముందే పెట్టె అడుగున ఉన్న పట్టుచీర కలరా ఉండల వాసనతో బయటికి వస్తుంది. కాసులపేరు మెడకెక్కుతుంది. కూతురి జడకు కుప్పెలు కడుతూనే, ఎదురింటి వదినగారు ఏ చీర కట్టిందో కిటికీలోంచి ఒక కన్ను వేసి చూస్తారు. "ధర్మకార్యానికి పోతున్నారా, నగలు చూపించడానికి పోతున్నారా?" అని మగవారు వేళాకోళం చేయడమూ ఏటేటా ఉన్నదే.

ఆ మాటకు జవాబు మన చరిత్రలోనే ఉన్నది. అది నూరేళ్ల పైమాట.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30 లోగా కోటి రూపాయలు పోగుచేయాలని అక్కడ నిర్ణయించారు. ఆ వెంటనే, ఏప్రిల్ నెలలో, గాంధీజీ తెలుగు జిల్లాలలో పర్యటించారు. ఆయన వచ్చే ఊళ్లలో కాకినాడ ఒకటి.

ఆ ఊళ్లో దుర్గాబాయి అనే అమ్మాయి ఉండేది. 1909లో రాజమండ్రిలో పుట్టినది. అప్పటికి పన్నెండో ఏడు నడుస్తున్నది. తాను హిందీ నేర్చుకుని, తోటి ఆడవారిని కూర్చోబెట్టుకుని నేర్పుతూ ఉండేది. గాంధీజీ వస్తున్నారని తెలియగానే ఆమెకు ఒక ఆలోచన తోచింది. ఊళ్లో దేవదాసీ వృత్తిలో ఉన్న స్త్రీలున్నారు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలున్నారు. మగవారు క్రిక్కిరిసిన బహిరంగ సభకు వీరెవరూ రాలేరు. వీరి బ్రతుకులు బాగుపడాలంటే గాంధీజీ మాట వీరు చెవులారా వినాలి. కనుక వీరికోసం విడిగా ఒక సభ జరగాలి.

ఆమె వెళ్లి ఆహ్వాన సంఘంవారిని అడిగింది. గాంధీజీకి సమర్పించే నిధికి 5,000 రూపాయలు తెస్తే ఆయన కాలంలో 5 నిమిషాలు ఇప్పిస్తామని వారన్నారు. నిమిషానికి వెయ్యి రూపాయలు! పసిపిల్లను సాగనంపడానికి అన్న మాటే అది కావచ్చు. కాని ఆ పిల్ల దేవదాసీల ఇళ్లకు వెళ్లి సంగతి చెప్పింది. వారు కొద్దిరోజులలోనే ఆ 5,000 పోగుచేశారు.

డబ్బు దొరికింది గాని చోటు దొరకాలి కదా. ఈ స్త్రీల సభకు ఒక పాఠశాల ఆవరణను దుర్గాబాయి అడిగి సంపాదించింది. అనుకున్న రోజున అది ఆడవారితో నిండిపోయింది.

ఆ ఉదయం ఆ ఇళ్లలో ఎంత హడావుడి జరిగి ఉంటుందో మన ఇళ్లను బట్టి ఊహించుకోవచ్చు. మహాత్ముని ఎదుటికి వెళ్లడం! ఉన్నవాటిలో మంచి చీర కట్టకుండా, ఉన్న నాలుగు నగలూ పెట్టుకోకుండా ఏ తల్లి బయలుదేరుతుంది?

5 నిమిషాలన్న గాంధీజీ అరగంటకు పైగా అక్కడే ఉండి మాట్లాడారు. ఆయన మాట ముగిసేసరికి స్త్రీలు చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసి ఆయన ముందు పోశారు. సుమారు 25,000 రూపాయలు వచ్చాయని దుర్గాబాయి తరువాత తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. అడిగినది ఐదువేలు, ఇచ్చినది దానికి ఐదింతలు. అటుపిమ్మట జరిగిన పెద్ద సభలో గాంధీజీ హిందీ ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పే పని కొండ వెంకటప్పయ్యగారు చేయవలసినది. దానిని గాంధీజీ ఆ పిల్లకే అప్పగించారు.

కాకినాడ ఒక్కటే కాదు. ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలు గాంధీజీకి ఇచ్చివేశారు. 1934 జనవరిలో మలబారులోని వడగరలో కౌముది అనే 16 ఏళ్ల అమ్మాయి హరిజన నిధికి తన నగలన్నీ ఇచ్చినప్పుడు, మళ్లీ నగలు చేయించుకోరాదని గాంధీజీ షరతు పెట్టారు, ఆమె ఒప్పుకున్నది.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ కాలపు గృహిణికి ఇల్లు తన పేర లేదు, పొలం తన పేర లేదు. తనదని చెప్పుకోదగినది పుట్టింటివారు పెట్టిన బంగారం ఒక్కటే. అది అలంకారమూ అవును, ఆపదలో ఆధారమూ అవును. మగవాడు చందా ఇస్తే తనకున్న దానిలో కొంత ఇచ్చినట్లు. ఆడది గాజులు తీసి ఇస్తే తనకున్నదంతా ఇచ్చినట్లు. అయినా ఆమె ఎవరి అనుమతీ అడగనక్కరలేకుండా ఇవ్వగలిగినది కూడా అదొక్కటే. నగలు పెట్టుకుని వెళ్లడం డాబు కోసమే అనేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

ఇక దేవదాసీల మాట. పెళ్లిళ్లలో వారి ఆటపాటలు కావాలి, నిధికి వారి రూపాయలు కావాలి. తోటి స్త్రీలుగా సభలో పక్కన కూర్చోవడానికి మాత్రం వారు పనికిరారు. అట్టివారు లోకం మీద అలగక, అడిగిన దానికన్న ఎక్కువ ఇచ్చారు. ఆ సభలో ఇచ్చిన స్త్రీల పేర్లు మనకు దక్కలేదు. ఆ లోటు నన్ను బాధిస్తుంది.

దుర్గాబాయిగారి తరువాతి కథ లోకవిదితమే. 1923 కాకినాడ కాంగ్రెస్‌నాడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపివేశారు. టిక్కెట్టు కొన్నాకనే లోపలికి వదిలారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైనారు. అదే ఏడు మహారాష్ట్రుడైన చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడి మన ఈ రాష్ట్రానికి కోడలైనారు. 1981లో కన్నుమూశారు.

గాంధీజీ కూడా మనకు దూరపువారు కారు. మన బల్లార్షాలో రైలెక్కి ఉత్తరంగా పోతే కొద్ది గంటలలో సేవాగ్రాం వస్తుంది. 1936 నుంచి ఆయన ఉన్న కుటీరం అక్కడే ఉన్నది. పిల్లలను తీసుకువెళ్లి చూపించవలసిన చోటు.

కాలం మారింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లోను, మహారాష్ట్ర 1994లోను చట్టం చేసి ఇచ్చాయి. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. కాని మన చందా పుస్తకాలు మాత్రం అంత వేగంగా మారలేదు. నేను చూసిన ఒక సంఘంలో, ఒక తల్లి ఇంటి ఖర్చులో మిగిల్చి పోగుచేసిన డబ్బు తెచ్చి ఇస్తే రసీదు ఆమె భర్త పేర వ్రాశారు. ఆమె ఏమీ అనలేదు. ఇంటికి పోయి దానిని డబ్బాలో పెట్టుకున్నది.

అందుచేత అన్నదమ్ములకు నాదొక మనవి. ఈ ఉగాదికి తల్లులు పట్టుచీరలు కట్టి, నగలు పెట్టుకుని రానివ్వండి, వేళాకోళం చేయకండి. గాజులు తీసి ఇవ్వమని నేను అనడం లేదు. వారు పది రూపాయలిచ్చినా ఆ రసీదు వారి పేరనే వ్రాయండి. సభకు పిలుపు అందని ఇల్లు ఏదైనా ఉంటే, కాకినాడలో ఆ పన్నెండేళ్ల పిల్ల వెళ్లినట్లు, మీరు కూడా ఆ గుమ్మం దాకా వెళ్లి పిలవండి.